అంకుల్ రాసిన జూన్ చీటీ

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు బ్రిస్బేన్ దగ్గర మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉదయం ఎనిమిది కావస్తోంది. పెర్త్‌లో ఇంకా ఆరే. నేను పాప లంచ్ బాక్సు మూత పట్టక తంటాలు పడుతున్నాను. "నిన్న పొద్దున్న వాకింగ్‌కని వరండాలో కూర్చున్నారమ్మా. ఎంతకీ గేటు చప్పుడు కాకపోతే వెళ్ళి చూశాను," అన్నారు ఆంటీ. ఆవిడ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. నాకు ముందు వచ్చింది కోపం. రెండేళ్ళుగా ఆయన్ని ఒక్క మాట అడగాలని దాచుకుని ఉన్నాను. అడిగేలోపు వెళ్ళిపోయారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. పెర్త్ తెలుగువాళ్ళ పత్రికకి నన్నే రాయమని ఆంటీ అడిగారు. మంచిగా రాయనా, ఉన్నదున్నట్టు రాయనా అని అడిగితే ఆవిడ, "రెండూ రాయి" అన్నారు. అందుకని రెండూ రాస్తున్నాను. చదివి ఎవరి మనసైనా నొచ్చుకుంటే ఆ నింద నాదే, ఆవిడది కాదు.

అంకుల్ నాకు చుట్టం కాదు. ఆఫీసులో నా పై అధికారి. ఆయనది గోదావరి దగ్గర ఊరు, మాది నిజామాబాద్ వైపు. ఇక్కడికి రాకపోయి ఉంటే ఒకరి మొహం ఒకరం చూసేవాళ్ళం కాదు. నేను పెర్త్‌లో దిగిన వారానికి, కొత్తగా చేరిన తెలుగమ్మాయి వాళ్ళ పేట కానింగ్ వేల్‌లోనే అద్దెకుంటోందని తెలిసి, సాయంత్రం ఆంటీని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక రూమ్ హీటరు, పప్పుల డబ్బాలు, మా ఆయనకి ఒక గొడుగు. "ఇక్కడ వాన అడ్డంగా పడుతుందబ్బాయ్, ఇది రెండు రోజులకి విరుగుతుంది, అయినా ఉండనీ," అన్నారు. నిజంగానే రెండో రోజుకి విరిగింది.

మర్నాటి నుంచి స్టేషన్ దాకా ఆయన కార్లోనే వెళ్ళేదాన్ని. పొద్దున్నే హారన్ కొట్టరు, వచ్చి గుమ్మంలో నిలబడతారు. బూట్ల ముడి ఎప్పుడూ విప్పేవారు కాదు. ముడి వేసే ఉంచి, మడమ తొక్కేసి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడిచేవారు. ప్లాట్‌ఫామ్ మీద ఆ టపటప వినబడితే చాలు, ఆయనొస్తున్నారని అందరికీ తెలిసిపోయేది. "ఏడాదికి నాలుగు జతలు కొంటాను ఈ మనిషికి, బూట్లు వేసుకోవడం రాదు, ఊళ్ళో వాళ్ళ ఆస్తులకి మాత్రం ధరలు కడతారు," అనేవారు ఆంటీ.

మా పనేమిటో ఇక్కడ చెప్పాలి. ఆస్ట్రేలియాలో జీతం తీసుకునే ప్రతివాళ్ళ పేరా రిటైర్మెంటు కోసం కొంత జమ అవుతూ ఉంటుంది. సూపర్ అంటాం. మా ఆఫీసు అలాంటి సొమ్మును నాలుగు చోట్ల పెట్టే ఫండు. ఆ పెట్టినవాటి విలువ ఇవాళ ఎంత అన్నది మూణ్ణెల్లకోసారి తేల్చి చెప్పాలి. ఎంతకి కొన్నాం అన్నది కాదు, ఇవాళ అమ్మితే ఎంత వస్తుందన్నది. అలా తేల్చే జట్టుకు అంకుల్ పెద్ద.

ఆయన నాకు ఈ విద్య నేర్పింది ఆఫీసులో కాదు, వాళ్ళ పెరట్లో, కరివేపాకు చెట్టు దగ్గర. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, చెయ్యి కడుక్కోగానే నన్ను వెనక్కి తీసుకెళ్ళారు.

"షేర్ మార్కెట్లో రోజూ అమ్ముడయ్యే షేరుంది చూడు, దానికి మన తెలివితో పన్లేదు. స్క్రీన్ మీద ధర ఉంటుంది, అదే రాసుకో. నర్సరీలో కరివేపాకు కుండీకి స్టిక్కర్ ఉంటుందే, అలాగన్నమాట. పక్కన ఇంకో కుండీ ఉంది, కాస్త పెద్దది, స్టిక్కర్ ఊడిపోయింది. అప్పుడు దీని ధర చూసి దాని ధర అంచనా కడతావు. ఇది రెండో మెట్టు. మరి ఇదో?" అని చెట్టు మొదలు మీద చెయ్యేశారు. పన్నెండేళ్ళ చెట్టు, కంచెని దాటి పోయింది. "దీన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొన్లేదు. ఎంతంటావు?"

"మస్తు ధర ఉంటది అంకుల్. ఆంటీ ఎంత కష్టపడి పెంచిన్రు, చలికాలం దుప్పట్లు కూడా కప్పిన్రంట."

"అదే తప్పు. మీ ఆంటీ కష్టం కొనేవాడికెందుకమ్మా? తవ్వి తీస్తే బతుకుతుందా, ట్రక్కుకి ఎంతవుతుంది, వాడి పెరట్లో ఎండుందా, వాడు అవి చూస్తాడు. నువ్వు వాడి కళ్ళతో చూడాలి. అలాగని రేపే ఇల్లు ఖాళీ చేసేవాడు తెగనమ్ముకునే ధర కూడా కాదు. అన్నీ తెలిసిన ఇద్దరు, ఇద్దరికీ తొందర లేదు, ఇవాళ ఎంతకి ఒప్పుకుంటారు? అదీ ఫెయిర్ వాల్యూ అంటే."

వంటింటి కిటికీలోంచి ఆంటీ, "నా చెట్టుని బేరం పెడితే ఇద్దరికీ రేపట్నుంచి చారు ఉండదు," అన్నారు. నేను ఆ సబ్జెక్టులో పరీక్షలన్నీ పాసై వచ్చినదాన్నే. కానీ అది ఒంటికి పట్టింది మాత్రం ఆ రోజే.

ఇలా బయట ధర కనపడని వాటి కోసం ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంకే ఆఫీసులోనూ చూడలేదు నేను. కంప్యూటర్ తెరవకముందే ఒక చీటీ రాయాలి. దాని మీద ఒక అంకె, ఆ అంకెకి ఒకే ఒక్క కారణం, తారీఖు, సంతకం. మడిచి ఖాళీ బిస్కట్ డబ్బాలో వెయ్యాలి. ఆ తర్వాతే లెక్క మొదలు. లెక్క పూర్తయ్యాక ఇద్దరం కూర్చుని చీటీలు విప్పుతాం. చీటీలో ఉన్నదానికీ లెక్కలో వచ్చినదానికీ బాగా తేడా ఉంటే, ఎందుకుందో తేలేదాకా లేవకూడదు. ఒకరి చీటీ వాళ్ళు ఎదురుగా లేకుండా ఇంకొకరు విప్పకూడదు. కారణం మాత్రం మేమిద్దరం తెలుగులో రాసుకునేవాళ్ళం, ఫ్లోర్‌లో ఇంకెవరికీ అర్థం కాకుండా.

"లెక్క చూశాక మనసు లెక్క వైపే మొగ్గుతుందమ్మా. నేను కూడా ఇదే అనుకున్నానని నీకు నువ్వే చెప్పుకుంటావు. ముందే కాగితం మీద పెట్టేస్తే బుకాయించడానికి ఉండదు," అనేవారు.

మొదటి ఏడాది నా చీటీ, నా లెక్క ఒకసారి అచ్చంగా కలిశాయి. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి నా వైపు చూశారు. "చీటీ ముందు రాశావా, లెక్క ముందు చూశావా?" నేను నేల చూపులు చూశాను. "సర్లే. ఈసారి తప్పు అంకె రాయి, నాకు దాని మీదే గౌరవం," అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ ముందు తొంగి చూడలేదు. తప్పు అంకెలు బోలెడు రాశాను, ఒక్కదానికీ తిట్టలేదు.

ఆయన మాటలు ఇంకా కొన్ని నా నోట్లో నలుగుతూనే ఉంటాయి. "తెలియదు అని రాయడానికి గడి లేని షీట్ నా దగ్గరికి తేవద్దు." ఇంకొకటి, మా జట్టులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు: "ధర పెంచి చూపిస్తే ఎవరికీ మేలు చెయ్యట్లేదు. ఫండు వదిలి వెళ్ళేవాడి జేబులో, ఉండిపోయేవాడి సొమ్ము పెడుతున్నాం." ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు. ఎవరో నర్సు, ఎవరో బస్సు డ్రైవరు, వాళ్ళు మన ముందు కూర్చున్నారనుకో అనేవారు.

పిలుపు విషయంలో కూడా ఒక కట్టుబాటు ఉండేది. ఆఫీసులో ఇక్కడివాళ్ళలాగే పేరు పెట్టి పిలవాలి. "లిఫ్ట్ ఎక్కితే నేను నీ కొలీగ్‌ని. స్టేషన్ దాటాక మళ్ళీ మీ అంకుల్‌ని," అన్నారు. మా నాన్న వయసు మనిషిని పేరుతో పిలవడానికి నాకు నాలుక తిరిగేది కాదు. అందుకని ఆఫీసులో ఆయన్ని అసలు ఏమని పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడేదాన్ని.

ఇక రెండేళ్ళ కిందటి జూన్ సంగతి.

మా ఫండు ఒక కంపెనీకి డబ్బిచ్చి దాని నుంచి ఒక పత్రం తీసుకుంది. వడ్డీ వస్తుంది, గడువుకి అసలు వస్తుంది, కావాలంటే అసలు బదులు కంపెనీలో వాటా తీసుకోవచ్చు. ఆ కంపెనీ పని గనుల దగ్గర కార్మికులకి బస కట్టి నడపడం. ఉత్తరాన ఎర్రమట్టి ఎడారిలో, నికెల్ గని పక్కన, వరసలు వరసలుగా చిన్న చిన్న గదులు. ఈ పత్రం ఎక్కడా అమ్ముడవదు, స్క్రీన్ మీద ధర ఉండదు. కరివేపాకు చెట్టు లాంటిదే.

గదులు ఎనభై శాతం నిండి ఉన్నాయని కంపెనీ రిపోర్టు పంపింది. నికెల్ ధర పడిపోయి గనులు ఒకటొకటే మూస్తున్న రోజులవి. నాకు నమ్మబుద్ధి కాలేదు. "నేను పోయి చూసి వస్తా అంకుల్," అన్నాను. ఫండుల్లో అలా ఎవరూ వెళ్ళరు, కుర్చీలోంచే తేల్చేస్తారు. ఆయన మాత్రం వెంటనే టికెట్ వేయించారు. "వెళ్ళు. వాళ్ళు చూపించేది కాదు, చూపించనిది చూసిరా."

అక్కడొక నియమం ఉంది. గనిలోంచి వచ్చినవాళ్ళు మట్టి బూట్లతో గదిలోకి వెళ్ళకూడదు. తలుపు బయటే విప్పి పెట్టాలి. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళంతా గదుల్లో ఉండే వేళ, ఉదయం ఒకసారీ సాయంత్రం ఒకసారీ, ఆ వరసలన్నీ నడిచాను. పన్నెండు వరసలు. ఏడు వరసల్లో ఒక్క గుమ్మం ముందు కూడా బూట్లు లేవు. వంటగదిలో ఉన్నావిడ గుడ్లు తెప్పించడం సగానికి తగ్గించామని తనే చెప్పింది. సంగతేమిటంటే గని యజమానులు ఆ గదులకి అద్దె కడుతున్నారు, కానీ మనుషుల్ని పంపడం లేదు. ఒప్పందం ఏడాది చివరిదాకా ఉంది కాబట్టి కడుతున్నారు. ఖాళీ గదులకి మళ్ళీ ఒప్పందం రాయరు కదా. కొనేవాడెవడైనా ఇది చూస్తాడు.

తిరిగొచ్చిన మర్నాడు కార్లో ఇదంతా చెప్పాను. "ఏడు వరసలల్ల ఒక్క జత లేదు అంకుల్. నేను రెండుసార్లు తిరిగిన." ఆయన రెండుసార్లూ ఏ వేళల్లో తిరిగానో అడిగారు. తర్వాత, "ఇది ఏ షీట్‌లోనూ దొరకదమ్మా. మంచి పని చేశావు," అన్నారు. నేను సంతోషంతో పొంగిపోయాను. ముప్ఫై దాటిన మనిషిని, అయినా ఆయన నోట ఆ మాట వింటే చిన్నపిల్లనయ్యేదాన్ని.

ఆ రోజే చీటీలు రాశాం. పత్రం మీద రాసున్న అసలు వంద అనుకుంటే, ఇవాళ దాన్ని ఎంతకి కొంటారు? నేను అరవై రెండు రాసి, మడిచి, ఎందుకో స్టేప్లర్‌తో ఒక పిన్ను కూడా కొట్టాను. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశారు. ఏం రాశారో నేను చూడలేదు. చూడకూడదు కూడా.

లెక్క కూడా అరవై రెండు దగ్గరే తేలింది. చీటీలు విప్పుదాం అంటే, "ఈసారి వద్దులే, టైం లేదు," అన్నారు. అన్నేళ్ళలో చీటీలు విప్పకుండా వదిలింది అదొక్కసారే. మీటింగుకి వెళ్ళేముందు మాత్రం, "నువ్వే చెప్పు. నేను నీ పక్కనుంటాను," అన్నారు. ఆ మాట పట్టుకుని వెళ్ళాను.

పై అంతస్తులో, నది కనపడే గదిలో మీటింగు. ఏడుగురున్నారు. పెట్టుబడులన్నిటికీ పెద్దగా ఉన్నాయన ఈ పత్రం తనే కొనిపించాడు. అరవై రెండు అనగానే కుర్చీలో వెనక్కి వాలి, దేన్ని బట్టి చెప్తున్నావని అడిగాడు. గుమ్మాల దగ్గర బూట్ల సంగతి చెప్పాను. అందరూ అంకుల్ వైపు చూశారు.

అంకుల్ నవ్వారు. ముందు నవ్వింది ఆయనే. ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా, "మా వాళ్ళు చెప్పులు బయట విప్పుతారు కదా. గుమ్మం ముందు జతలు లెక్కపెట్టి ఇంట్లో ఎంతమంది చుట్టాలున్నారో చెప్పేస్తారు. మా అమ్మాయి ఆ లెక్కని ఎడారిదాకా పట్టుకెళ్ళింది," అన్నారు. గదంతా ఘొల్లుమంది. పెద్దాయన బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. అంకుల్ ఇంకా, ఆమెకి అనుభవం తక్కువ, భయం కాస్త ఎక్కువైందని, కంపెనీ రిపోర్టునే తీసుకుందామని అన్నారు.

నా నోట్లోంచి ఒక్కసారిగా "అంకుల్, మీరే కదా పంపించిన్రు," అని తెలుగులో వచ్చేసింది. ఆ గదిలో, అంతమంది ముందు. తెలుగు అర్థం కాకపోయినా అంకుల్ అన్న మాట అందరికీ అర్థమైంది. పెద్దాయన కనుబొమలెత్తి, ఓహో, మీరు బంధువులా అని అడిగాడు. కాదు కాదు, మాలో పెద్దవాళ్ళని అలా అంటారంతే అని అంకుల్ కంగారుగా చెప్పారు. ఆ తర్వాత నేనింకేం చెప్పినా, మామయ్య సిఫార్సుతో ఉద్యోగంలో చేరిన పిల్ల మాటే అయిపోయింది. తొంభై నాలుగు అని రాసుకున్నారు.

దిగి వచ్చాక ఆయన నా కుర్చీలో కూర్చుని, "మళ్ళీ నేను ఓపెన్ చెయ్యడం ఎందుకు, నీ లాగిన్‌లోనే మార్చేద్దాం," అని గదులు నిండిన శాతం దగ్గర ఎనభై కొట్టారు. తయారుచేసింది ఎవరు అన్న చోట నా పేరుంది. నేను వద్దనలేదు. నా కుర్చీ నేనే ఇచ్చాను, సంతకం నేనే పెట్టాను. అది నా తప్పే, ఎవరి మీదా తొయ్యను. అంకుల్ అడిగితే పెట్టకుండా ఉండటం నాకు తట్టను కూడా తట్టలేదు. సాయంత్రం రైల్లో ఆయన నాతో అన్నది ఒక్కటే మాట. "ఆఫీసులో ఆ పిలుపేంటమ్మా."

ఒప్పందం మళ్ళీ రాయలేదు. ఫిబ్రవరిలో కంపెనీ చేతులెత్తేసింది. పత్రానికి యాభై కూడా రాలేదు. ఈ మధ్యలో ఫండు వదిలి వెళ్ళినవాళ్ళు ఎక్కువ ధరకి తీసుకుపోయారు. ఆ తేడా ఉండిపోయినవాళ్ళ మీద పడింది, నర్సుల మీదా బస్సు డ్రైవర్ల మీదా. తొంభై నాలుగు ఎలా వచ్చిందని ఆడిటర్లు అడిగారు. ఫైల్లో ఉన్నది నా పేరు. అంకుల్‌ని అడిగితే, "లెక్క కట్టిన మోడల్ ఆమెది, నేను దాన్ని నమ్మాను," అని రాసిచ్చారు. ఆ వాక్యం నాకు మానవ వనరుల విభాగంలో ఒకమ్మాయి చదివి వినిపించింది. రెండోసారి చదవమన్నాను. చదివింది.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. మా వీసాలు ఆ ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయి. ఇంకో ఆఫీసు నన్ను తీసుకోకపోతే మా ముగ్గురం పెట్టె సర్దుకోవలసిందే. పాప అప్పుడే స్కూల్లో చేరింది. "వై ఆర్ వుయ్ గోయింగ్, అమ్మా?" అని అడిగితే, ఏ బొమ్మలు పెట్టెలో పెట్టాలో చూసుకోమన్నాను. అంకుల్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. రెండు రోజులకి మెసేజ్ వచ్చింది, "టేక్ కేర్ అమ్మా" అని. అంతే. గడువు దగ్గరపడుతుండగా బ్రిస్బేన్‌లో ఒక చిన్న ఆఫీసు తీసుకుంది. ఖాళీ చేసి వచ్చేసే రోజు ఆంటీ గిన్నెతో పులిహోర తెచ్చారు. ఆయన కార్లోనే కూర్చుని ఉన్నారు. నేను కారు దగ్గరికి వెళ్ళలేదు, ఆయన దిగలేదు.

నట్టేట ముంచారు అని మా ఆయన అంటే నేనే ఊరుకోమనేదాన్ని. "ఆయన నిజంగ తొంభై నాలుగు అనే అనుకున్నడు కావచ్చు. మనిషన్నాక తప్పు లెక్క ఎయ్యడా?" అనేదాన్ని. ఈ రెండేళ్ళూ ఆ ఒక్క ఆసరా మీద బతికాను. నా మాట నమ్మకపోతే ఆయన పొరబడ్డారు, భయపడ్డారు, అంతే. పొరబడినవాళ్ళని క్షమించడం ఆయనే నేర్పారు నాకు. నమ్మి కూడా అలా చేసి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ రోజు చీటీలో ఏం రాశారంకుల్? అడగాలని దాచుకున్నది ఈ ఒక్క మాట. రెండు ఉగాదులకి ఆయన శుభాకాంక్షలు పంపారు. టైప్ చేసి, చెరిపేసి, ఫోన్ పక్కన పెట్టాను రెండుసార్లూ.

పదకొండో రోజుకి పెర్త్ వెళ్ళాను. వాళ్ళకి పిల్లల్లేరు, ఆయన అన్న కొడుకు మెల్‌బోర్న్ నుంచి వచ్చి కర్మ చేశాడు. గేటు తీసేసరికి వరండా అంతా చెప్పులు, బూట్లు. కాలు పెట్టే చోటు లేదు. నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై మూడు జతలు. అలా నిలబడి లెక్కపెట్టినందుకు నా మీద నాకే చిరాకేసింది. లోపల ఆయన గురించి అందరూ చెప్తున్నారు. ఎవరికో డ్రైవింగ్ నేర్పారట, ఎవరికో ఇంటర్వ్యూకి సూట్ ఇచ్చారట. అన్నీ నిజమే. నాకూ చేశారు.

అందరూ వెళ్ళాక ఆంటీ గరాజ్‌లోంచి ఆ బిస్కట్ డబ్బా తెచ్చారు. "రిటైరైన రోజు ఆఫీసు నుంచి ఇదొక్కటే తెచ్చుకున్నారమ్మా. పారేస్తానంటే కేకలేశారు. చూస్తే ఆయన సంతకాలతో పాటు నీవీ ఉన్నాయి."

మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ అడక్కుండానే చెప్పారు. "నువ్వు వెళ్ళిపోయే ముందటి జూన్‌కే ఉద్యోగం మానెయ్యాలి ఆయన. మానేసి ఇంట్లో కూర్చోవడమంటే భయం. మీ ఆఫీసు పెద్దాయన ఇంకో రెండేళ్ళు ఉంచాడు. నేనూ సంబరపడ్డాను, నాకేం తెలుసు? తర్వాత నీ ఉద్యోగం పోయిందని విని, అదేంటండీ అంటే, 'ఆ పిల్ల తెలివైంది, ఎక్కడైనా బతుకుతుంది' అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు."

చీటీలు మూణ్ణెల్లకొక కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అన్నీ విప్పినవే, ఆ జూన్‌వి తప్ప. నా చీటీకి నేను కొట్టిన పిన్ను అలాగే ఉంది. ఇంకొకరి చీటీ వాళ్ళు లేకుండా విప్పకూడదన్న నియమం ఆయన చివరిదాకా పాటించారు. ఆయన చీటీ మాత్రం మడతల దగ్గర నలిగి నలిగి చినుగు పట్టింది. ఎన్నిసార్లు తీసి చూసుకుని మళ్ళీ మడిచారో తెలియదు. జాగ్రత్తగా విప్పాను.

అరవై అని ఉంది. నాకన్నా రెండు తక్కువ.

కింద తెలుగులో కారణం, ఆయన గుండ్రటి అక్షరాల్లో: గుమ్మాల్లో బూట్లు లేవు.

నా మాట నమ్మారు. నాకన్నా ఎక్కువ నమ్మారు. నమ్మి, పైకొచ్చి, ఆ గదిలో అందరికన్నా ముందు ఆయనే నవ్వారు. నాకు చెట్టు దగ్గర చదువు చెప్పినాయన, గుమ్మంలో నిలబడి నా కోసం ఎదురుచూసినాయన, ఈయనా ఒకరే. ఇందులో ఏ ఒక్కరినీ నేను తీసెయ్యలేకపోతున్నాను. కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే ఆయన నేర్పిన పద్ధతికే విరుద్ధం.

ఏముందమ్మా అందులో అని అడిగారు ఆంటీ. చీటీ ఆవిడ చేతికిచ్చాను. చదివి, అర్థం కాక నా మొహం చూశారు. ఎప్పుడో చెప్తానన్నాను. ఆవిడకి చెప్తున్నది ఇదే, ఇప్పుడే.

ఫ్లైటుకి టైమైంది. డబ్బా సంచిలో పెట్టుకుని లేచి చెప్పులు వేసుకున్నాను. వచ్చినవాళ్ళ జతలన్నీ వెళ్ళిపోయి వరండా ఖాళీగా ఉంది. బల్ల కింద ఒక్క జత మిగిలింది. ముడి విప్పకుండా, మడమలు అణిగిపోయి, వాకింగ్‌కి బయల్దేరినట్టు గేటు వైపు తిప్పి ఉన్నాయి.